గోడకి ఆనించిన పీట

రేపల్లె నుంచి తెనాలి వచ్చే పాసింజరు బండిలో పీట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి సీటాయన నన్నూ పీటనీ చాలాసేపు మార్చి మార్చి చూశాడు. చివరికి ఉండబట్టలేక, "సీటు దొరకదని ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నారా మామ్మగారూ?" అన్నాడు. పెట్టెలో వాళ్ళందరూ నవ్వారు. "దొరికిన సీటు మీద నీలాంటివాళ్ళు కాళ్ళు చాపుకుంటే మరి మాలాంటివాళ్ళు తెచ్చుకోవాల్సిందే నాయనా" అన్నాను. కాళ్ళు కిందికి దించాడు. వేమూరు దాటేదాకా నావైపు చూడలేదు. దిగేటప్పుడు మాత్రం పీట తనే పట్టుకుని ప్లాట్‌ఫారం మీదకి అందించాడు. "బరువుందండీ, పనస చెక్కా?" అని అడిగాడు. అవునన్నాను. అంతకంటే చెప్పడానికి అక్కడ తీరికా లేదు, చెబితే అతనికి అర్థమయ్యేదీ కాదు.

అది మా దొడ్డమ్మ పీట. మా అమ్మకి పెద్దక్క ఆవిడ. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉంటున్నది పెదనాన్న తమ్ముడి కొడుకు, నాకు అన్నయ్య వరస. వంటిల్లు బాగుచేయిస్తూ అటక మీది సామానంతా దించి, పాతవి తూకానికి వేసేస్తున్నాను, నీకేమైనా కావాలంటే వచ్చి చూసుకోమని ఫోన్ చేశాడు. వెళ్ళాను. వదిన ఇత్తడి గుండిగ ముందుకి జరిపి, "ఇది తీసుకెళ్ళు వదినా, పీటేంటి, పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు" అంది. నా ఒక్కదానికి గిన్నెడు అన్నం ఎక్కువ. గుండిగలో ఎవరికి వండను? పీట అడుగున ఒక పక్క అంచు అరిగి నున్నగా ఉంది. వేలితో తడిమి చూసుకున్నాను. ఏళ్ళ తరబడి ఒకే చోట గోడకి ఆనించి ఆనించి అరిగిన అంచు అది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా వీధి చివర హాల్లో యోగా నేర్పే హారిక అనే అమ్మాయి రాయమంది. ధ్యానం కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నియమాలు చెప్పండి, మీ దొడ్డమ్మగారు ఎలా చెప్పేవారో అలాగే రాయండి, క్లాసులో చదువుతాను అంది. నేను చదివింది ఐదో తరగతి, అదీ పూర్తిగా కాదు. నియమాలు వరసగా పెట్టి రాయడం నాకు చేతకాదు. దొడ్డమ్మ గుర్తొస్తే ఆ ఇల్లు గుర్తొస్తుంది, ఇల్లు గుర్తొస్తే పెదనాన్న చుట్ట గుర్తొస్తుంది. అన్నీ కలిసే ఉంటాయి. ఏరుకునేవాళ్ళు ఏరుకోండి.

నన్ను ఆ క్లాసులో చేర్చింది మా అమ్మాయి సుజాత. బాపట్లలో ఉంటుంది. మా ఆయన పోయిన తర్వాత తన దగ్గరికి వచ్చెయ్యమంది, నేను రానన్నాను. ఒకరింట్లో మంచినీళ్ళు అడిగి తాగడం నావల్ల కాదు, అది కూతురిల్లయినా సరే. అయితే క్లాసుకైనా వెళ్ళమ్మా, నలుగురి మొహాలు కనపడతాయి అని బతిమాలింది. ఉచితమే కదా అని వెళ్ళాను. హారిక చెప్పేది బాగానే ఉండేది. రోజూ ఒకే వేళకి కూర్చోండి, ఒకే చోట కూర్చోండి, కడుపు ఖాళీగా ఉండాలి, మొదట్లో కాసేపు చాలు, ఆలోచనలు వస్తాయి పోతాయి, వాటితో పోట్లాడకండి. ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే చోటు ఒకటి చూసుకోండి. ఈ మాటకి ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. "మా ఇంట్లో నిశ్శబ్దమా? ఒక పక్క మా అత్తగారు, ఇంకో పక్క కుక్కరూ, ఎవరి ఈల ఎవరిదో తెలియదు" అంది ఒకావిడ. నవ్వులయ్యాక నేను అడిగాను. "నిశ్శబ్దం ఎక్కువైతే ఏం చెయ్యాలమ్మా?" అది కూడా హాస్యమనుకుని మళ్ళీ నవ్వారు. హారిక నవ్వలేదు. "నాకు తెలియదండి మామ్మగారూ" అంది. తెలియనిది తెలియదని చెప్పింది కాబట్టి ఆ పిల్ల మీద నాకు గురి కుదిరింది.

నా బాధ ఏంటో అక్కడ చెప్పలేదు. ఇక్కడ చెబుతాను. మా ఆయనకి చివరి రోజుల్లో చెవులు సరిగా వినపడక, పొద్దున లేవగానే టీవీలో వార్తలు పెట్టి సౌండు బాగా పెంచేవారు. ఆయన పోయాక కూడా నేను టీవీ అదే వేళకి పెడుతున్నాను, అదే సౌండు. వార్తలు వినను. వంటింట్లో నా పని నేను చేసుకుంటాను, ముందు గదిలో అది దాని మానాన అరుస్తూ ఉంటుంది. మనిషి లేని గదిలో ఫ్యాను తిరిగితే ఇల్లు ఎగిరిపోయేటట్టు కేకలేసేదాన్ని నేను. అగ్గిపుల్ల ఆదా అవుతుందని పక్క పొయ్యి మంటతో కాగితం ముక్క ముట్టించి రెండో పొయ్యి వెలిగించేదాన్ని. అలాంటిదాన్ని ఎవరూ చూడని టీవీకి రోజంతా కరెంటు పోస్తున్నాను. ఆపి చూశాను ఒకసారి, ధ్యానానికి కూర్చుందామని. ఇల్లు ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. లేచి మళ్ళీ పెట్టేశాను. రోజూ ధ్యానం బాగా కుదురుతోందా అని హారిక అడిగితే మోకాళ్ళ నొప్పులని చెప్పి తప్పించుకునేదాన్ని.

అలా ఉండగా ఈ పీట ఇంటికొచ్చింది.

మాది పిట్టలవానిపాలెం. నా తర్వాత మా అమ్మకి కవల పిల్లలు పుట్టారు. ఇద్దరూ బలహీనంగా ఉండేవాళ్ళు. పిల్లల్లేని దొడ్డమ్మ వచ్చి, కొన్నాళ్ళు ఇది నా దగ్గరుంటుంది, బళ్ళో వేస్తాను అని నన్ను రేపల్లె తీసుకుపోయింది. ఆ కొన్నాళ్ళు ఎన్నేళ్ళయ్యాయో నేను లెక్కపెట్టలేదు. బడి అక్కడే మొదలైంది, అక్కడే ఆగిపోయింది. మొదట్లో నాకు అన్నిటికంటే కష్టమైన వేళ తెల్లవారుజాము. మెలకువ వచ్చేసరికి అమ్మ పక్కన లేదని తెలిసేది. లేచి చూస్తే ఇంట్లో అందరూ లేచే ఉండేవాళ్ళు, కానీ ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. వంటింటి గుమ్మం పక్కన, గోడకి జానెడు ఎడంగా పీట వేసుకుని దొడ్డమ్మ కళ్ళు మూసుకుని కూర్చుని ఉండేది. ముఖం కడుక్కుని, తల ముడి వేసుకుని, చీర చెంగు భుజం చుట్టూ కప్పుకుని ఉండేది. పొయ్యి అప్పటికే అలికి ముగ్గేసి ఉండేది కానీ వెలిగించి ఉండేది కాదు. పేడ వాసన, తడి ముగ్గు వాసన, రాత్రి తోడు పెట్టిన పెరుగు వాసన. ఇప్పటికీ ఈ మూడూ కలిసి వస్తే నాకు మాట్లాడకూడదనిపిస్తుంది.

పెదనాన్న వీధరుగు మీద చుట్ట చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. నోట్లో పెట్టుకునేవాడు, తీసేవాడు, వెలిగించేవాడు కాదు. మజ్జిగ చిలికే మనిషి కవ్వం కుండలో పెట్టి, తాడు చుట్టి, లాగకుండా కూర్చునేది. పాలేరు బాన దగ్గర చెంబు పట్టుకుని నిలబడేవాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, దొడ్డమ్మ ఎప్పుడూ ఎవరినీ నోరు మూసుకోమనలేదు. అది అలా జరిగిపోయేది. కాసేపటికి దొడ్డమ్మ కళ్ళు తెరిచి, లేచి, పీట ఎత్తి గోడకి ఆనించేది. టక్కుమనేది. అంతే. అరుగు మీద అగ్గిపుల్ల గీసిన చప్పుడు, కవ్వం తిరిగిన చప్పుడు, బానలో చెంబు మునిగిన చప్పుడు, గొడ్ల సావిట్లో గంటలు, అన్నీ ఒక్కసారిగా మొదలయ్యేవి. పీట గోడకి తగిలితేనే తెల్లారుతుందని నేను నిజంగా నమ్మాను. పిట్టలవానిపాలెంలో పీట లేకుండా ఎలా తెల్లారుతోందో అని కూడా అనుకున్నాను.

ఆ మౌనంలో నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు తలుపు చాటున వెక్కుతుంటే దొడ్డమ్మ కళ్ళు తెరవకుండానే, "ఇంకో పీట తెచ్చుకో" అంది. తెచ్చుకుని పక్కన కూర్చున్నాను. "ఏడుపొస్తే ఏడువు. చప్పుడు కాకుండా ఏడువు" అంది. దగ్గరికి తీసుకోలేదు, కళ్ళు తుడవలేదు. ఆవిడ తీరే అంత. కానీ మర్నాటి నుంచి నేను లేచేసరికి నా చిన్న పీట ఆవిడ పీట పక్కన వేసి ఉండేది.

ఆవిడ నేర్పింది అలా పక్కన కూర్చుని నేర్పిందే. వాళ్ళ నాన్న, అంటే మా తాతయ్య, పొలానికి వెళ్ళేముందు అలా కూర్చునేవాడట, ఆయన్ని చూసి నేర్చుకుందట. వంగి కూర్చుంటే, "వెన్ను నిలబెట్టు, నిద్రపోవడానికైతే పరుపుంది" అనేది. బిగుసుకుని కూర్చుంటే, "ఎవరితోనన్నా కొట్లాటకి వచ్చావా? భుజాలు దించు" అనేది. పొయ్యి మీద ఏమైనా పెట్టి కూర్చుంటే ఒప్పుకునేది కాదు. పాలు పొంగుతాయేమో అనుకుంటూ కూర్చోవడం కంటే పాల దగ్గర నిలబడడం మేలనేది. ఎక్కువసేపు కూర్చుంటానని నేను పంతం పడితే లేపేసేది. రేపు కూడా కూర్చోవాలని ఉండగానే లేవాలి, కడుపు పట్టినంతా తినేస్తే రేపు ఆకలి వెయ్యదు అనేది. చలేసిందనో వానొచ్చిందనో మానడానికి వీల్లేదు. జ్వరమొస్తే మాత్రం పడుకోవచ్చు. ఊపిరి వస్తుంటే చూడు, పోతుంటే చూడు, వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్ళని చూసినట్టు చూడు, ఎవరినీ ఆపి మాట్లాడకు అనేది. "నా మనసు అమ్మ దగ్గరికి పోతోంది దొడ్డమ్మా" అన్నాను ఒకరోజు. తిడుతుందనుకున్నాను. "పోయిందని ఎలా తెలిసింది?" అంది. తెలిసిందన్నాను. "తెలిసిందంటే వచ్చేసినట్టే కదే. మళ్ళీ పోతుంది. మళ్ళీ తెలుస్తుంది. దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే అదీ ఇంకోసారి పోవడమే" అంది. హారిక చెప్పింది కూడా ఇదే. కాకపోతే హారిక మెత్తగా చెప్పింది.

ఒకసారి దొడ్డమ్మకి జ్వరం వచ్చింది. లేచి పీటలు వేసింది కానీ కూర్చోలేక వెళ్ళి ముసుగుతన్ని పడుకుంది. వంటింటి గుమ్మం పక్కన పీట పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆ రోజు ఇల్లంతా ఏం చెయ్యాలో తెలియక నిలబడిపోయింది. పెదనాన్న చుట్ట పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ చిలికే మనిషి కవ్వం తాడు లాగకుండా కూర్చుంది. కాకులు అరుస్తున్నాయి, ఎండ అరుగు మీదికి వచ్చేసింది, దూడలు పాలకి అరుస్తున్నాయి, అయినా ఎవరూ కదల్లేదు. నేను నా పీట మీద కూర్చున్నాను, కాసేపు ఉన్నాను, లేచాను. దొడ్డమ్మ పీట రెండు చేతులా ఎత్తి గోడకి ఆనించాను. బరువుకి చెయ్యి జారి గట్టిగానే తగిలింది. అరుగు మీద అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. గదిలోంచి ముసుగు కిందనుంచి దొడ్డమ్మ గొంతు, "గోడకి సున్నం రాలిందేమో చూడు" అంది. అంతవరకు నేను ఆ ఇంట్లో చుట్టపుపిల్లని. ఆ పొద్దున తర్వాత కాదు. ఇది ఎవరూ నాతో అనలేదు, కానీ ఆ రోజు నేను బడికి వెళ్ళేటప్పుడు పెదనాన్న నన్ను పేరు పెట్టి కాకుండా, సొంత కూతుర్ని పిలిచినట్టు "అమ్మాయ్" అని పిలిచాడు.

పెళ్ళయి తెనాలి వచ్చాక ఆ అలవాటు పోయింది. మా ఆయనది ఇనుప సామాన్ల కొట్టు, మాటకారి మనిషి, లేస్తూనే మాటలు, రేడియో, కొట్టు తాళాలు ఎక్కడున్నాయన్న కేకలు. కాసేపు కళ్ళు మూసుకుంటే, "ఏంటి, ఒంట్లో బాలేదా?" అనేవారు. ఆ ఇంట్లో మౌనం కావాలంటే జబ్బు చెయ్యాలి. మొదట్లో విసుక్కునేదాన్ని. తర్వాత ఆ గోలే నా ఇల్లయింది. ఇంత కాలం తర్వాత ఆయన గోల పోయి, ఆయన టీవీ గోల మిగిలింది.

పీట తెచ్చిన మర్నాడు టీవీ పెట్టలేదు. ముఖం కడుక్కుని, తల ముడి వేసుకుని, వంటింటి గోడ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు మడవనివ్వక కాళ్ళు ముందుకే చాపుకున్నాను. వెన్ను మాత్రం నిలబెట్టాను. ఊపిరి చూద్దామనుకున్నాను. వినపడింది గడియారం. తర్వాత ఫ్రిజ్ ఆగిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. అరుగు మీద చుట్ట పట్టుకుని ఎవరూ లేరు, కవ్వం దగ్గర ఎవరూ లేరు, తాళాలెక్కడే అని అరిచేవాళ్ళు లేరు. నేను లేచినా లేవకపోయినా మొదలవాల్సింది ఈ ఇంట్లో ఏదీ లేదు. ఆ మాట తెలియడంతో ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ఏడ్చాను. లేచి టీవీ పెట్టాలని రెండు చేతులూ నేల మీద ఆనించాను కూడా. దొడ్డమ్మ అయితే ఏమంటుందో తెలుసు. మళ్ళీ కూర్చున్నాను.

అప్పుడు వీధి తలుపు దబదబా బాదారు. తీస్తే పక్క వాటాలో అద్దెకుండే పద్మ. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మనిషి. మాకూ వాళ్ళకీ మధ్య వంటింటి గోడ ఒకటే. పంపు కట్టకుండా వదిలేసిందని ఒకసారి, పొద్దున్నే మిక్సీ గోలేంటని ఒకసారి నాతో మాటలు పడింది. అప్పట్నుంచి ఎదురుపడితే తల వంచుకుని పోయేది. ఇప్పుడు చేతికి కొబ్బరి కోరుతో, జుట్టు విరబోసుకుని, రొప్పుతూ నిలబడింది.

"ఏంటమ్మా, ఇల్లేమైనా కూలిందా?" అన్నాను.

"మీ టీవీ వినపడలేదండి."

"వినపడకపోతే?"

"రోజూ వార్తలు మొదలవగానే మామ్మగారు లేచారు అనుకుంటానండి. ఇవాళ ఎంతసేపటికీ రాలేదు. ఏంటో అని..." నా మొహం చూసి, "కళ్ళు ఎర్రగా ఉన్నాయేంటండి?" అంది.

"ధ్యానం చేస్తున్నాను."

"ధ్యానం చేస్తే కళ్ళు ఎర్రబడతాయాండి?"

"కొత్తలో పడతాయి. ఇన్నాళ్ళూ నా టీవీ గోల భరిస్తూ ఊరుకున్నావేం? మిక్సీకి నేను ఊరుకున్నానా?"

పద్మ తల వంచుకుని చేతికంటిన కొబ్బరి గిల్లుకుంటూ, "గోలేనండి. కానీ వినపడితే నాకు అదో ధైర్యం" అంది. "రేపట్నుంచి కూడా ఆపేస్తారాండి?" అని అడిగింది.

"ఆపేస్తాను."

"మరి మీరు బాగున్నారని నాకెలా తెలుస్తుందండి?"

ఈ ప్రశ్న నన్ను ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మా అమ్మాయి ఫోన్ చేసి బాగున్నావా అంటుంది, బాగున్నానంటాను. అది వేరు. లోపలికి వెళ్ళి పీట దగ్గర నిలబడ్డాను. "నువ్వు వెళ్ళి మీ వంటింట్లో నిలబడు" అన్నాను. ఎందుకని అడగకుండా వెళ్ళింది. వాళ్ళ తలుపు చప్పుడయ్యాక, పీట ఎత్తి, అరిగిన అంచు తగిలేటట్టు మధ్య గోడకి ఆనించాను. అవతలి నుంచి, "వినపడిందండి" అని సన్నగా గొంతు వచ్చింది.

ఆ రోజు నుంచి టీవీ మూగబోయింది. కరెంటు బిల్లు తగ్గింది, అది వేరే సంగతి. మొదలుపెట్టేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇదంతానూ. ఒకే వేళ, ఒకే చోటు, ఖాళీ కడుపు, నిలబడ్డ వెన్ను, పొయ్యి మీద ఏమీ ఉండకూడదు. ఏడుపొస్తే రానివ్వండి. నిశ్శబ్దం ఎక్కువైతే ఏం చెయ్యాలని నేను హారికని అడిగాను కదా, దానికి నాకు తెలిసింది కూడా చెబుతాను. మీరు లేచారని ఎవరికో ఒకరికి తెలిసేలా చూసుకోండి. దొడ్డమ్మ ఇల్లంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంటే కూర్చునేది. ఆవిడకి నిశ్శబ్దం నిండుగా ఉండేది. నాకంత లేదు. పద్మ వాళ్ళు పండక్కో పబ్బానికో సంగం జాగర్లమూడిలో వాళ్ళ అమ్మగారింటికి వెళితే ఆ పొద్దుటిపూట గోడ ఒట్టి గోడ. పీట ఆనిస్తాను, టక్కుమంటుంది, అవతల ఏమీ కదలదు. ఆ రోజులు గడవడం కష్టమే. అయినా కూర్చుంటాను. జ్వరమొస్తే తప్ప మానడానికి వీల్లేదు.

మిగతా రోజుల్లో నేను కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు అవతలి వంటింట్లో గిన్నెలు మెల్లగా పెట్టడం వినిపిస్తుంది. చట్నీ సామాను జారులో వేసి మూత బిగించిన చప్పుడు వినిపిస్తుంది. తర్వాత అక్కడ కూడా ఏమీ వినిపించదు. నేను పద్మని ఆగమని చెప్పలేదు. తనూ ఆగుతున్నానని చెప్పలేదు. మనసు రేపల్లె అరుగు మీదికి పోతుంది, పోయిందని తెలుస్తుంది, వస్తుంది. ఇక చాలనిపించాక లేచి పీట గోడకి ఆనిస్తాను.

అవతల మిక్సీ మొదలవుతుంది.